తడిసిన బస్తాలు

స్లైడు మీద ఉన్నది మా మామ వెన్నుపాము కాదు.
పేరు లేని మనిషిది. సీసా మీద నంబరొక్కటే.
అయినా వరంగల్ మెడికల్ కాలేజీ పాథాలజీ గదిల
సాయంత్రం అయిదు దాటినంక
ఫోకస్ తిప్పే నా చెయ్యి
ఆయన చెయ్యోలె ఆగి ఆగి కదులుతది.

ఓదెలు మామ ఎనుమాముల యార్డుల హమాలీ.
ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలు మోసిన వీపు.
మామ కొక్కెమేస్తే
బస్తా తనంతట తానే భుజమెక్కుతదనేటోళ్లు.
దసరా ముందట చాయ గ్లాసు జారింది.
"చేతికి నూనె అంటింది" అన్నడు.
ఉగాదికి కొక్కెం జారింది.
ఏమనలే.

నఫీసా మేడం రిపోర్టు మీదికెళ్లి కళ్లెత్తకుంటనే చెప్పింది:
కండల తప్పు లేదు,
కండల్ని కదిలించే నాడీకణాలు చచ్చిపోతున్నయి.
"తామర పురుగు పట్టిందా మేడం, తోటకు పట్టినట్టు?"
"బయటి పురుగు కాదు ఓదెలుగారూ.
ఒక్కళ్ల పని అని చెప్పలేను గానీ
అందుల కావలోళ్ల చెయ్యి కూడా ఉంది."

ఇగో, గోధుమరంగు అద్దకంల ఆ కావలి కణం.
మామూలుగా దీనికి వెంట్రుకలంత సన్నటి కొమ్మలుంటయి,
చుట్టుపక్కల కణాల్ని తడుముకుంట,
చేన్ల కలుపు తీసే ఆడోళ్ల వేళ్లు
ముట్టుకునుడుతోనే ఏది మొక్కో ఏది గడ్డో చెప్పినట్టు.
ఈ స్లైడుల కొమ్మలు లేవు.
అన్నీ ముడుచుకొని, గుండ్రంగ ఉబ్బి,
ఒక ఖాళీ చుట్టు గుమిగూడినయి.
ఆ ఖాళీ ఒకప్పుడు
ఎవరి పిడికిలో.

ఇంటికొచ్చి 'మంట' అని చెప్పిన మామకు.
జ్వరముండది, ఎర్రబడది,
ముట్టుకుంటే వేడి కూడా తెల్వదన్న.
"మంటంటే నాకు చెప్తవా బిడ్డా,"
నవ్విండు, కారం గాలిల బతికినోడు.

తర్వాత ఆయనే చెప్పిండు,
ముద్దముద్దగ, మధ్యల ఊపిరి తీసుకుంట,
కోల్డ్ స్టోరేజీ అంటుకున్న యేటి సంగతి.
కాలింది ఒక్క మూల.
ఫైరింజన్లు వచ్చినయి, ఆర్పినయి.
పైపు మాత్రం ఎవలూ మూయలే.
ఇంకా పొగొస్తుందని ఒకడు,
కొట్టు కొట్టు అని ఇంకొకడు,
తెల్లారేదాంక నీళ్లు.
కాలని బస్తాలు తడిసినయి,
తడిసినయి ఉబ్బినయి,
ఉబ్బినదానికి బూజు, దాని పక్కదానికి బూజు.
"కాలింది వంద బిడ్డా, కుళ్లింది వెయ్యి.
ఎవల్నని తిడుతం?
ఆర్పనీకే వచ్చిన్రాయె."

రెండేండ్ల సంది నేను చదివిన కాయితాలల్ల
ఈ సంగతే ఉంది, ఇంత సాఫుగ లేదు.
చచ్చిన కణం ముక్కలే మళ్లా గంట కొడుతయట,
గంట విని ఇంకిన్ని కావలి కణాలు,
అవి కక్కే విషానికి
పక్కన బాగున్న కణం.

"మరి పైపు మూస్తే అయిపాయె గద?"
మూసే మందులు చూస్తున్నరు మామా.
మొదట్ల ఆ నీళ్లే కాపాడుతయట.
తొందరపడి మూస్తే అసలు మంట మిగులుతదని భయం.
ఎప్పుడు మూయాలెనో ఇంకా ఎవలకూ తెల్వది.
"మా యార్డుల గూడ తెల్వకపాయె," అన్నడు.

ఆయన జబ్బ మీద తోలు కింద
ఏదో సన్నగ కొట్టుకుంటది,
సంచిల బియ్యప్పురుగు మెదిలినట్టు.
నేను చూస్తున్నప్పుడు ఆయన చూడడు.

రాత్రి పప్పుబువ్వ తినిపిస్తుంటే పొలమారింది.
మిరపగింజ తలిగిందేమో,
కండ్లల్ల నీళ్లు, మెడ నరాలు తేలినయి.
ఉరికి నీళ్ల గ్లాసు తెచ్చిన.
వద్దని కండ్లతోనే చెప్పిండు.
పలుచటి నీళ్లు ఇప్పుడు
ఊపిరి గొట్టంలకే పోతున్నయి.

దగ్గు ఆగేదాంక
గ్లాసు పట్టుకొని నిలబడ్డ,
నిండుగ.