కమాను పట్టీ

ఆటోనగర్ మూడో రోడ్డులో
విరిగిన ముక్కని నూనెగుడ్డతో తుడిచి
నా చేతిలో పెట్టాడు నాగుల్‌మీరా.
"ఇదేం ఒక్కరోజులో విరగలేదమ్మా.
చూడు, తారీఖులేసుకుంది."

నిజమే.
మూలన గోరంత మచ్చ.
దాని చుట్టూ అర్ధచంద్రాలు, ఒకదాని బయట ఒకటి,
బ్యారేజీ దిగువన నీళ్లు తీసినప్పుడు
ఇసుక మీద కృష్ణ వదిలే గీతల్లా.
ఆ తర్వాత వరస తప్పి
గరుగ్గా, మెరుస్తూ,
పంచదార పలుకుల్లా మిగతా సగం.
గీతలున్నంత మేరా నెలలు.
పలుకులున్న చోటు ఒక్క క్షణం:
కాజ టోల్‌గేటు దాటాక, తెల్లారగట్ల మూడింటికి.

గుంటూరు మిర్చి యార్డు లారీ, పోలేరయ్య నడుపుతాడు.
బస్తాలెక్కితే పట్టీ సాగుతుంది
దిగితే ముడుచుకుంటుంది.
మధ్యలో వారధి మీద అతుకు అతుక్కీ ఓ కుదుపు,
మంగళగిరి దగ్గర ఎవరూ పూడ్చని గొయ్యి.
వీటిని లెక్కపెట్టడమే నా ఉద్యోగం.
పెంకుల మీంచి జారే చుక్క
చూరు దాకా వచ్చి ఏ ధారలో కలుస్తుందో కనిపెట్టినట్టు
ఒక్కో కుదుపునీ దాని జోడీతో కలిపి
మూట కడతాను.

పగులెంత పొడుగో, కొసన లాగుడెంతో,
దాన్నిబట్టి ప్రతి కుదుపుకీ ఓ అడుగు.
వెంట్రుక మందంలో వెయ్యో వంతు అడుగు.
సంవర్గమానాల కాగితం మీద
ఆ నడక వంకర లేని గీత.
గీత వాలు మూడు.
అంటే బరువు రెట్టింపైతే వేగం ఎనిమిదింతలు.
ఈ మాటంటే నాగుల్‌మీరా నవ్వాడు:
"నాకెందుకు, ఓనరుకి చెప్పు.
ఆయనకి కూడికలొక్కటే వచ్చు."

ఇరవై నెలలుంటుందన్నాను ఈ పట్టీ.
పదికే పోయింది.
రాత్రంతా సూత్రాన్ని అనుమానించాను
అంకెల్ని తిరగేసి మరగేసి చూశాను.
పొద్దున పోలేరయ్య టీ గ్లాసు ఊదుకుంటూ చెప్పాడు,
బిల్లులో రెండొందల ఎనభై బస్తాలు,
బండిలో మూడొందల యాభై.
పావు వంతు దొంగ బరువు.
దాదాపు సగం ఆయుష్షు.

పుస్తకాల్లో దీని పేరు అలసట.
పేరు పెట్టినవాడు ఇనుముకి నిద్రుంటుందనుకున్నాడేమో.
పోలేరయ్య సత్తెనపల్లి పోయి మూడ్రోజులు పడుకుంటే
కళ్ల ఎరుపు తగ్గుతుంది, మాట మెత్తబడుతుంది.
ఆ మూడ్రోజులూ షెడ్డులో ఉన్న పట్టీకి
పగులు ఎక్కడిదక్కడే.
ఒక్క అడుగు వెనక్కి రాదు.

కొత్త పట్టీ తెచ్చి
దాగలి మీద బోర్లించబోయి మళ్లీ తిప్పాడు నాగుల్‌మీరా.
వంపు లోపలి వైపు, కాల్చకుండా,
గుండు సుత్తితో దగ్గర దగ్గరగా
అంగుళం వదలకుండా కొట్టాడు.
కొత్తదాన్నెందుకు కొడతావన్నాను.
"సాగే వైపు ముందే దెబ్బలు తినుంటే
తొందరగా నోరు తెరవదమ్మా.
మా నాయన ఇట్టాగే కొట్టేవాడు."

ఇంటికెళ్లి ప్రోగ్రాం తెరిచాను.
లోహం లోపల మిగిలిపోయిన ఆ బిగువుకి
ఒక సంఖ్య కావాలి,
పగులు పెదవుల్ని మూసి పట్టే సంఖ్య.
లాగుడు ధనమైతే ఇది ఋణం.
గుర్తు పెట్టాను. గీత కిందికి జారింది.

వ్యాసం పంపితే
ఈ ఋణం ఎక్కడిదని అడిగారు.
ఆటోనగర్, మూడో రోడ్డు, వెల్డింగ్ షాపు పక్కన, అని రాశాను.
అట్లాంటి ఆధారాలు చెల్లవట.