బ్యాటరీ నీళ్ళు

మర్రిగూడ గల్లీల, మిట్టమధ్యాహ్నం
నా బండి గొంతు పడిపోయింది.
"ఎల్లిగడ్డలో... దేశవాళీ ఎల్లిగడ్డలో..." అని
పొద్దటిసంది ఒర్రుతున్న మైకు
"ఎల్లి... ఎల్లి..." అనుకుంట
గురగురమని ఊకున్నది.

ఆ గొంతు నా బిడ్డ నవనీతది.
ఆరో తరగతిల ఉన్నప్పుడు రికార్డు చేసింది.
ఇప్పుడు ఇంటరు. తీసెయ్యి నాయినా, సిగ్గయితదంటది.
నేను తియ్యలే. ఆ గొంతుకే గిరాకి.

సెల్ఫ్ నొక్కితే
పల్లికాయ ఒలిచినట్టు టక్కుమన్నది, అంతే.
కిక్కు కొట్టిన. ఇరవై ఎనిమిది దాక లెక్కబెట్టిన.
ఇరవై తొమ్మిదోదానికి కాలు జారి
రాడ్డు పిక్కకు తగిలింది.

ట్రాలీ ఆటోల ఎక్కించుకొని చండూరు వోయిన.
బ్యాటరీల ఇస్తారి దుకాణమంటే ఒక రేకుల డబ్బా,
ముక్కుల గుచ్చే యాసిడ్ వాసన,
చుక్క పడ్డకాడల్ల చిల్లువడ్డ లుంగి.
కొత్తది ఎంతకొస్తదన్న అని అడిగిన.
పీట మీదికెల్లి లేవకుంటనే
మీటరు పుల్లలు రెండూ ఆనిచ్చి
"పదకొండు పాయింట్ ఎనిమిది" అన్నడు,
ఉల్లిగడ్డలు జోకినోని లెక్క.

"పండుకున్నప్పుడు పన్నెండున్నర మీద ఉండాలె.
సెల్ఫ్ కొట్టంగ పది కిందికి దిగొద్దు.
నీది ఏడుకు పడుతున్నది.
పడుతున్నదని పారేస్తవా?
తిండి వెట్టెటోడు పెడుతుండో లేదో చూడొద్దా?"

నిండు బ్యాటరీకెల్లి రెండు సన్న వైర్లు గుంజి
"వీటికి సెల్ఫ్ ఆగదు.
కిక్కు నువ్వే కొట్టు తమ్మీ, నాతోని గాదు" అన్నడు.
మూడో దెబ్బకు లేసింది.
వైర్లు పీకి, రేసు ఇయ్యమని, మీటరు చూసిండు.
పద్నాలుగు పాయింట్ ఒకటి.
"ఇంజను మంచిగనే వండుతున్నది.
మరి తినేదెవరు?"

చాబి బందువెట్టినా
మైకు డబ్బ మీద ఎర్రలైటు ఆరలేదు.
నేనే కట్టిన వైరు, చాబితోని పనిలేకుంట, సీదా బ్యాటరీకి.
"రాత్రంత నీ బిడ్డ మాట్లాడకుంటనే
కరెంటు తింటున్నది" అని నవ్విండు.

ఆరు మూతలు ఇప్పిండు. నవ్వు బందయింది.
పలకలు సగం బయట, వాటి మీద సున్నం లెక్క తెల్లగ.
"ఏం నీళ్ళు పోసినవ్?"
"బోరింగువి."

లుంగి మోకాళ్ళ మీదికి జరిపిండు.
రెండు కాళ్ళూ కొడవళ్ళ లెక్క
ఒకటి అటు, ఒకటి ఇటు వంగి ఉన్నయి.
"పన్నెండేండ్లదాక నేనూ అవే తాగిన.
ఎముకకే ఆగని నీళ్ళు
సీసం పలకకు ఆగుతయా?"
నేను బండి అద్దంల చూసుకుంట నిలవడ్డ.

ఇగ పనిల వడ్డడు.
ముందుగాల మైనస్ ఇప్పిండు
(బిగిచ్చేటప్పుడు అది ఆఖరుకట, యాదిపెట్టుకొమ్మన్నడు).
ఉడుకునీళ్ళల్ల సోడా కలిపి
పచ్చగ పూసిన పొక్కులు బ్రష్షుతోని కడిగి
పెదాలకు రాసినట్టు ఇంత వ్యాస్‌లైన్ రాసిండు.
మంచినీళ్ళు మట్టంగ పోసి, రాత్రంత మెల్లగ ఎక్కిచ్చిండు.

పొద్దుగాల గాజు గొట్టంతోని
గదికో గుక్క పీల్చి చూసిండు.
అయిదు గదులల్ల బెండు తేలింది.
ఆరోదాంట్ల మునిగే ఉన్నది.
"వానకాలం దాక నడుస్తదేమో. నడవకనూ పోవచ్చు.
నెలకోపారి మూత తీసి చూడు.
మైకు పెట్టినంతసేపు ఇంజను ఆపకు."
మైకు వైరుకు ఒక స్విచ్చి పెట్టి
నూటఎనభై తీసుకున్నడు,
బ్యాటరీ నీళ్ళ సీసకు ఇంకో ఇరవై.

ఇంటికొచ్చి
తాగే నీళ్ళ క్యాను పక్కన ఆ సీస పెట్టిన.
రెండూ కొన్నయే.
నవనీత అటు చూసి ఇటు చూసి
మార్కరు తెచ్చి సీస మీద పెద్దగ రాసింది:
"ఇవి తాగేటియి కావు."