అరవై ఒకటో పేజీ

బెర్గెన్‌లో వాన చెప్పి రాదు.
మొదటిరోజు కొత్త బూట్లతో మూడో అంతస్తు ఎక్కేసరికి
మేజోళ్లు రెండూ పిండుకోవలసి వచ్చింది.
ట్యూరిద్ ఒక తువ్వాలూ, తాళంచెవీ, రెండు వందల కవర్లూ ఇచ్చింది.
"ప్రచార విభాగం అంటే ఇంతే," అంది.
"నువ్వూ, నేనూ, ఈ జిగురూ."

ఆరేళ్లు చేపల బజార్లో కాడ్ చేపలు కోశాను.
బల్ల కింద, మంచుపెట్టె పక్కన, ఎప్పుడూ ఒక నవల.
బేరం తెగేలోపు అర పేజీ,
చిల్లర లెక్కపెట్టుకునేలోపు ఇంకో నాలుగు వాక్యాలు.
గ్రంథాలయంలో ముసలాయన
నేను తిరిగిచ్చిన పుస్తకాల్ని ముక్కుతో గుర్తుపట్టేవాడు.
ఉద్యోగం సంగతి చెబితే
"ఇక రోజంతా చదవడమే కదా, ఆస్లౌగ్!" అన్నాడు.
నేనూ అలాగే అనుకున్నాను.

రోజంతా చిరునామాలు చదువుతాను.
ఎవరు ఏ పత్రిక మానేశారు,
ఎవరికి పార్సిల్ ఇంటికి పంపితే కోపం,
ఎవరు చదవకుండానే పాత పుస్తకాల కొట్టుకి అమ్ముకుంటారు.
"అయినా పంపు," అంటుంది ట్యూరిద్.
వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యాలట.
పుస్తకానికో పాఠకుణ్ణి వెతికే పెళ్లిళ్ల పేరయ్యలం మేం,
జాతకాలు కలవకపోయినా కలిపేస్తాం.

నాలుగో రోజు నాకొక సొరుగు అప్పగించింది.
అందులో చీటీ మీద చీటీ:
హృదయాన్ని తాకే. ఊపిరి బిగబట్టించే. మరిచిపోలేని.
పదహారేళ్ల వయసులో
అట్ట వెనక "మరిచిపోలేని" అని చూసి
నెల జేబుఖర్చంతా పోసి కొన్న పుస్తకం గుర్తొచ్చింది.
పేరు తప్ప అంతా మరిచిపోయాను.
ఆ పేరు చెబితే ట్యూరిద్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"అది రాసింది నేనే," అంది.
"ఆ కుర్చీలోనే కూచుని."
ఇద్దరం చాలాసేపు నవ్వాం.
తర్వాత ఆ కుర్చీ ఎత్తు నాకు సరిపోయేట్టు దించింది.

ఈ కాలానికి మా పెద్ద పుస్తకం ఒక హత్య.
దానికి పోస్టర్లు, రైల్వే స్టేషన్‌లో గోడ, కేకులు కూడా.
చిన్న పుస్తకం హల్వర్‌ది:
పడవ ఇంజిన్లు బాగుచేసే మనిషి రాసిన నూట పది పేజీలు.
దాని వాటాకి పదకొండు ప్రతులు, ఒక ఉత్తరం.
రైల్లో చదువుతూ అరవై ఒకటో పేజీ దగ్గర
దిగాల్సిన చోటు దాటిపోయి
ఆఖరి స్టేషన్‌లో వానలో నిలబడ్డాను,
తడవకుండా దాన్ని చంకలో పెట్టుకుని.

పదకొండూ వెళ్లిపోయాయి. చప్పుడు లేదు.
మూడో వారం రేడియో నుంచి ఒక గొంతు,
హత్య గురించే అడగడానికి చేసింది.
పెట్టేయబోతూ, ఏదో అనాలి కాబట్టి కాబోలు,
"నీకేది నచ్చింది?" అంది.

ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు.
సొరుగు తెరిచే ఉంది, మాటలన్నీ చేతికందేంత దూరంలో.
నోరు మాత్రం ఎండిపోయింది.
"ఒకాయన," అన్నాను, "చచ్చిన ఇంజిన్ మీద చెయ్యి వేసి కూచుంటాడు.
అంతే. ఒక పేజీ అంతా అంతే.
నేను రైలు దిగడం మరిచిపోయాను."
అవతల కాసేపు గీతలు గీస్తున్న చప్పుడు.
"సరే. పంపించు."

బీరువాలో ప్రతి లేదు.
నా సంచీలోది తీశాను,
అంచున పెన్సిల్ గీతలు, అట్ట మీద కాఫీ మరక.
చెరిపేద్దామా అనుకుని రబ్బరు వెతికి, దొరికాక, మానేశాను.
తపాలా కౌంటర్‌లో అమ్మాయి తూకం వేసి డబ్బులడిగింది.
కవరు ఆవిడ వెనక గంపలో పడ్డాక గుర్తొచ్చింది
ఆనాటి రైలు టికెట్ లోపలే ఉండిపోయిందని,
ఏ పేజీలోనో చెప్పక్కర్లేదు.

వెనక్కి అడగవచ్చు.
నా వెనక వరసలో నలుగురున్నారు, అందరి గొడుగులూ కారుతున్నాయి.
పక్కకి తప్పుకున్నాను.