తెలిసినోళ్లు ఐదుమంది

మాబున్ని మొదటిసారి వచ్చిన రోజు
గ్రంథాలయం మెట్ల కిందే చెప్పులు విడిచింది.
ఆదోని ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగే వేళ.
భుజాల మీద, కనుబొమ్మల మీద
ఏకిన దూది నూగు.
నవ్వితే అదీ కదిలింది.

"సారూ, సదువు నేర్చినా.
రాత్రిబడిలో పద్నాలుగు నెల్లు.
ఒక పెద్ద కథ ఇయ్యప్పా."

అలవాటుగా కింది అర దగ్గరికి వంగాను,
రంగు బొమ్మల అర.
ఆమె అక్కడే నిలబడి అంది:
"అయి మా మనవరాలివి.
నేను ముగ్గుర్ని కన్నా, ఇద్దర్ని మట్టికిచ్చినా.
నా వయసుది కావల్ల."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో
ఒక పుస్తకం వెతకడానికి
నడుం నిఠారుగా నిలబడటం అదే మొదలు.

నవలల బీరువా కిర్రుమంది.
గొప్పదని పేరున్నదాన్ని ముందు తీశాను.
మొదటి వాక్యమే పదకొండు పంక్తులు,
సమాసాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని
గుంతకల్లులో ఆగని గూడ్సు బండిలా పోతున్నాయి.
నాకే మధ్యలో ఊపిరి తీసుకోవాల్సొచ్చింది.
పెట్టేశాను.

ఇంకొకటి గోదారి లంకలో మొదలవుతుంది.
పడవ, రేవు, తెరచాప, ఇసుక తిప్ప.
వంక పారితే చూడటానికి
వీధి వీధంతా పరిగెత్తే చోట
అన్ని పేజీల నీళ్లను ఆమె దేంతో కొలుస్తుంది?
అయినా, చూడనివాటి కోసమే కదా చదవడం...
తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను,
పెట్టేశాను.

మూడోది సన్నం. తొంభై పేజీలు.
చిన్న చిన్న మాటలు, కాలికి రాయి తగలదు.
ఇదే, అనుకున్నాను.
రిజిస్టరులో సంతకం పెడుతూ
న కింద న వత్తు దగ్గర
ఆమె నాలుక కొంచెం బయటికొచ్చింది.

నాలుగో నాడే తెచ్చేసింది.

"అయిపోయిందా?"

"అయిపోల్యా.
మాటలన్నీ తెలుస్తాయి సారూ.
ఆయమ్మ బిడ్డను బావి కాడ ఇడిసొచ్చి
ఎందుకు నవ్వుతాదో, అదొక్కటే తెలీల్యా.
రెండు మార్లు సదివినా. నిద్ర చెడిపాయ."

ఆ నవల మీద నేను ఒకప్పుడు
పరీక్షలో ఆరు పేజీలు రాశాను.
మంచి మార్కులే వచ్చాయి.
ఆయమ్మ నవ్వుతుందని
నాకు గుర్తే లేదు.

ఆ తర్వాత నేను పక్కకు జరిగాను.
మాబున్ని బీరువా ముందు చతికిలబడింది.
ఒక్కోటీ అరచేతిలో లేపి చూసింది,
పరుపుకు దూది తూచినట్టు.
నడుమ ఎక్కడో తెరిచి వేలు పెట్టింది.
"అప్పు" అంది.
ఇంకో చోట "ఎద్దు".
"అత్త". "గొంగడి". కాసేపు వెతికి, "జొరము".
ఒక్కో మాటకు ఒక్కో వేలు ముడిచి
పిడికిలి నాకు చూపించింది.

"కొత్తూరికి పోతే
తెలిసినోళ్లు ఐదుమంది ఉంటే చాలప్పా.
మిగతా ఊరు వాళ్లే సూపిస్తారు."

ఆ పిడికిలి పక్కన ఉన్నది
నేను రెండుసార్లు తీసి పెట్టేసిన గోదారి పుస్తకం,
నాలుగు వందల ముప్పై పేజీలు.

"లంక అంటే ఏంది సారూ?"
"ఏటి నడుమ మిట్ట."
"మనుషులుంటారా?"
"ఉంటారు."
"అట్లయితే ఇయ్యి."

గడువు రెండుసార్లు పొడిగించవచ్చని నిబంధన.
ఏడోసారి ముద్ర వేస్తున్నాను.
పేజీల మధ్య గుర్తుగా దూది పోగు,
తీసిపారేయడానికి నాకు చెయ్యి రాదు.
నిన్న మూసే వేళకు వచ్చింది.
పుస్తకం తిరిగి ఇవ్వడానికి కాదు.

"సారూ, నూటా తొంభయ్యో పేజీ కాడ ఉండా.
పై నుంచి నీళ్లొస్తాండాయి,
వాళ్లేమో ఇంకా పెండ్లి పందిరి ఏస్తాండారు.
ఎవరూ చెప్పలేదే వాళ్లకు?"

గొంతులో నిజమైన తొందర.
తాళం చేతిలో పట్టుకుని నేనేమీ అనలేదు.
బయట మార్కెట్ యార్డు మీద
ఒక్క మబ్బు లేదు.