రెండు పళ్ళు లేని చక్రం

గుత్తి రోడ్డులో షట్టరు సగం దించుకుని
ఒక అబద్ధం తయారు చేస్తున్నాను.

బల్ల మీద ఓబులేసు పికప్పు మెదడు,
రెండరచేతులంత అల్యూమినియం పెట్టె.
బండి యాడో ధర్మవరం కాడ నిలిచిపోయింది,
చీనీకాయల లోడుతో.
పెట్టె ఒక్కటే తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి వచ్చింది.

ఇంజను లేదు. నేనే ఇంజను.
అరవై పళ్ళ చక్రం తిరుగుతున్నట్టు
తీగలో కొట్టి చెబుతాను:
యాభై ఎనిమిది దెబ్బలు, రెండింటి ఖాళీ,
మళ్ళీ యాభై ఎనిమిది.
ఆ ఖాళీ దగ్గరే అది నన్ను నమ్ముతుంది.

మా జేజినాయన దూది ఏకేటప్పుడు
వింటినారి మోత యాడ తడబడిందో
కళ్ళు మూసుకునే చెప్పేవాడు.
నాకు స్కోపు తెర కావాలి.

బయట నలభై మూడు డిగ్రీలు.
నాబు తిప్పి
"చలికాలం, తెల్లారుజాము, ఇంజను చల్లగుంది" అంటాను.
పాపం, అది ఇంకాస్త డీజిలు పొయ్యమంటుంది.

ఇంజెక్టర్ల బదులు నాలుగు ఎర్ర దీపాలు.
ఒకటి. మూడు. నాలుగు.
రెండు పలకదు.

ఓబులేసు బల్లకు చెవి ఆనించాడు.
చప్పుడు లేదు. తెర మీద నిమిషానికి రెండువేల చుట్లు.
"యాడిదాకా పోయింటాదన్నా ఇది?"
"గుత్తి దాటింటాది."
నవ్వలేదు. ఫోను తీసి చూసుకున్నాడు,
మండీలో చీనీ ధర దిగుతా ఉందంట.

మూత విప్పి, కాలిన ట్రాన్సిస్టరు మార్చి
అదే అబద్ధం మొదటి నుంచీ చెప్పాను.
నాలుగూ వెలిగాయి.
పెట్టెను వేడివేడిగానే చంకలో పెట్టుకుని
బస్టాండుకు పరిగెత్తాడు.

చొక్కా విప్పి ఫ్యాను కింద కూలబడ్డాక చూశాను,
నాబు ఇంకా చలికాలం మీదే ఉంది.