వైజాగ్ కాలనీకి పోయొచ్చిన పద్దు

నా కుట్టుమిషన్ ఎదురుంగ గోడకు
మూడేండ్ల కిందటి పెయింట్ దుకాణపోళ్ల క్యాలెండర్.
తేదీలు చింపేసిన, బొమ్మ ఉంచుకున్న.
ఇటలీ అట.
కొండ అంచున ఒకదాన్నొకటి పట్టుకోని నిలబడ్డ ఇండ్లు,
గులాబి, పసుపు, కాల్చిన ఇటుక రంగు.
కింద నీలిమందు ఎక్కువైన బకీటోలె సముద్రం.
జాకెట్ కొలతలకు వచ్చినోళ్లందరు దాన్నే చూస్తరు.
"చేతులు దించు పారిజాతా" అంటే
"ఆగక్కా, నేనింక మెట్లు దిగుతున్న" అన్నదొకనాడు.

ఆ మాటకాడ మొదలైంది.

పొదుపు పెట్టెల మిగులు మూడువేల నాలుగొందలు.
గ్రైండరా, దరీలా అని
నాలుగు మీటింగులు కొట్లాడినం.
ఐదో దాంట్ల సక్రి లేచి
"ఒక్కనాడు నీళ్ల ఒడ్డు పట్టుకోని పోదాం" అన్నది.
ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.
తీర్మానం రాసిన. సంతకాలైనయ్.
ఖాజాబీది వేలిముద్ర.

దేవరకొండల తెల్లారి ఆరింటికి తుఫాను బండి.
ఎనిమిదిమందిమి, పులిహోర గిన్నె, మజ్జిగ క్యాను,
వాంతులకు నిమ్మకాయలు.
బత్తాయి తోటలు, పత్తి చేన్లు, గుండ్ల గుట్టలు.
దాటంగ దాటంగ రోడ్డు ఒక్కపారి కిందికి వంగింది.
"అగ్గో" అన్నది అండాలు.
ఇంకేం అనలే.

కృష్ణ ఈడ పారదు, ఆగి ఉంటది.
గుట్టలు మోకాళ్లదాక నీళ్లల్ల దిగినయ్.
నీళ్లు తగ్గినకాడల్లా ఎర్రమట్టి మీద గీతలు,
విప్పి మళ్ల కుట్టిన అంచోలె.
రంగుల ఇండ్లు లేవు. రేకులున్నయ్,
ఆరేసిన వలలున్నయ్, ఎండుచేపల చుట్టు కాకులున్నయ్.

"పేరేమో వైజాగ్ కాలనీ, సముద్రమేదమ్మా?"
సైదమ్మ అడిగితే
పొలుసు గీకుతున్న నూకాలు తలెత్తలేదు.
"మా అత్త వొచ్చిన కొత్తల్లో
రోజూ పుడిసెడు నీళ్లు నోట్లో పోసుకొనీదంట,
ఉప్పు తగుల్తాదేమోనని.
తగల్లేదు. ఉండిపోనాది."

చేప కూర తిన్నంక పడవెక్కినం.
నడి నీళ్లల్ల ఇంజను ఆగింది.
నూకాలు మొగడు తాడు గుంజిండు, తిట్టిండు, మళ్ల గుంజిండు.
ఖాజాబీ పెదాలు కదులుతున్నయ్.
సైదమ్మ లైఫ్ జాకెట్‌ను చంటిపిల్లోలె అదుముకున్నది.
నేను ఫోన్ తీసిన.
గీత లేదు.
ఎనిమిది ఫోన్లల్ల ఒక్క గీత లేదు.

కూర ఏ గిన్నెల ఉన్నదని అడిగెటోడు లేడు.
కిస్తీ యాది చేసే పిల్లగాడు లేడు.
శుక్రవారం పెండ్లి, జాకెట్లు అయినయా అనెటోళ్లు లేరు.
నీళ్లు పడవను తట్టుతున్నయ్, అంతే,
నిద్రపుచ్చేటప్పుడు వీపు తట్టినట్టు.

అండాలు ఎన్నడు నవ్వినా కొంగు అడ్డం పెట్టుకుంటది.
చిన్నప్పటి బోరు నీళ్లు
ఆమె పండ్ల మీద గోధుమరంగు గీతలు రాసినయ్.
ఇయ్యాల రెండు చేతులతో పడవంచు పట్టుకున్నది,
కొంగుకు చెయ్యి ఖాళీ లేదు.
దేనికో తెల్వది, నవ్వింది.
సక్రి అందుకున్నది. పారిజాత అందుకున్నది.
ఎదురుగుట్ట కొంచెం ఆలస్యంగ అందుకున్నది.

బండికి రెండువేలు. పడవకు ఎనిమిదొందలు.
చేపలకు మూడొందల అరవై. నిమ్మకాయలకు ఇరవై.
మిగిలింది రెండొందల ఇరవై.
మిక్సీ జారు మార్పిద్దామని ఒకరు,
దాచుదామని ఒకరు, బండిల ఊరొచ్చెదాక లొల్లి.
ఇంజను ఆగిన అర్ధగంట
ఏ ఖానాల రాయాల్నో తెల్వక
పుస్తకం మూసిన.

తెల్లారి మిషన్ ముందర కూసున్న.
చేతులకింక చేప వాసన ఉన్నది.
సూదికి దారం ఎక్కిచ్చుకుంట బొమ్మ దిక్కు చూసిన.
ఇండ్లు కావు, మెట్లు కావు,
నీలిరంగు నడుమ ఓ తెల్ల చుక్క.
మూడేండ్లు అచ్చుతప్పు అనుకున్న.
లేచి, అద్దాలు పెట్టుకోని, దగ్గరికి పోయిన.
పడవ.
లోపల మనుషులే ఉన్నరు.
కదుల్తలేదు.