చివరి పదహారు పేజీలు

రంపాలు ఆగిపోయాక
మార్కాపురం మీద లేచిన రాతిదుమ్ము
మెల్లగా కిందికి దిగే వేళ
పలకల ఫ్యాక్టరీ గేటు పక్కన, పెంకుల గుట్ట మీద
మస్తాన్ వలి తాత మాకు చైనా సేనాపతిని చెప్పేవాడు.

పుస్తకానికి అట్ట లేదు.
"పద్దెనిమిదేళ్ళ మిలిటరీలో
నేను తెచ్చుకున్న ఆస్తి ఇదేరా" అని నవ్వేవాడు.

సేనాపతి పేరు యెన్ షువో.
మాకు నోరు తిరగలేదు, యెంచువయ్య అన్నాం.
తాత కాదనలేదు.

మొదట గుర్రాల సాలలో పేడెత్తే పిల్లోడు.
తర్వాత గడ్డిమోపుల లెక్క రాసేవాడు.
పదిమందికి పెద్ద. నూరుమందికి పెద్ద.
మెట్టు మెట్టుకీ తాత పగిలిన పలక మీద
సుద్దతో ఒక గీత గీసేవాడు,
చొక్కా చేతికి పట్టీ కుట్టినట్టు.

ఇరవై తొమ్మిదో ఏట
గుర్రాల కాళ్ళకు గోనెపట్టాలు చుట్టి
గడ్డకట్టిన నది మీద, చప్పుడు లేకుండా
సైన్యాన్ని దాటించాడు.
"నది గడ్డకట్టడమేంది తాతా?"
మేం చూసిన గుండ్లకమ్మలో ఇసుకే ఎక్కువ.
తాత కొత్త పలక ఒకటి తీసి
నీళ్ళు చిలకరించి
రెండు వేళ్ళను దాని మీద నడిపించాడు.
ఒక వేలు జారింది.
"ఇట్టా నూటపదకొండు మంది పోయారు" అన్నాడు.
ఆ లెక్క పుస్తకంలో ఉందో లేదో
నేను ఎప్పుడూ వెతకలేదు.

గెలిచాడు. అదే తప్పయింది.
రాజు చెవిలో ఎవరో ఊదారు:
గెలుపు మరిగినోడు ఇంటికి దోవ మర్చిపోతాడు, ప్రభూ.
వెనక్కి రమ్మని పట్టుగుడ్డ మీద రాసి పంపారు.
ముప్ఫైవేల మంది ఈటెలు నేలకు కొట్టి
ఒక్క మాట చెప్పమన్నారు.
ఆయన నడుముకున్న ముద్ర విప్పి
ఉప్పుబస్తా మీద పెట్టి
ఒక్కడే వెళ్ళిపోయాడు.

పదవి పీకేశారు. కోట ఉత్తరపు గేటుకు కాపలా పెట్టారు.
అది చెప్పిన రోజు తాత లేచి
మా ఫ్యాక్టరీ గేటు గొళ్ళెం
ఒకసారి సరిచూసుకుని వచ్చాడు.

నాలుగేళ్ళకు శత్రువు మళ్ళీ వచ్చాడు.
కొత్త సేనాపతి బయట ఓడిపోతున్నాడు.
రాత్రి. డప్పులు. గేటు దగ్గర ముసలోడు.

"తర్వాత?"
"పేజీల్లేవు."
"ఏమైనయ్?"
చాలాసేపటికి చెప్పాడు.
"కొండ మీద పోస్టులో, చలికి నేనే తగలబెట్టుకున్నా.
పదహారు కాయితాలు. బాగా మండినయ్.
అప్పటికి నాకు చదవడం రాదు.
చదవడం నేర్చుకుంది మిగిలినదాంతోనే."

ఆ రాత్రి నుంచి ముగింపులు మావే.
గేటు తియ్యలేదంది కాశింబీ.
ఒక్కడే వెళ్ళి గెలిచాడన్నాడు చెంచురామి.
మళ్ళీ పేడెత్తడానికి పోయాడన్నాన్నేను.
అన్నిటికీ తలూపి తాత ఒకటే అడిగాడు:
"గుర్రానికి నీళ్ళు పెట్టారా?"

ఒంగోలు డాక్టరు ఎక్స్-రేని
వెలుతురుకు పట్టి చూపించాడు.
ఊపిరితిత్తుల నిండా మా ఊరి రాయే.

చివరి వారం మంచం పక్కన నేనున్నా.
దగ్గు కాస్త తెరిపిచ్చినప్పుడు
కళ్ళు తెరవకుండానే అడిగాడు.
"ఉత్తరపు గేటు వేశారా?"
"వేశాం తాతా."
"తియ్యండ్రా.
మనోళ్ళింకా బయటే ఉన్నారు."